2,029 గెలుపులు, సున్నా టైటిళ్ళు: మైక్ మార్టిన్‌ని గొప్ప కోచ్ అనాలా, వద్దా?

వాసు_టాలహాసీ
ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర మొదలైన గొడవ, ఇక్కడైనా తేలుతుందేమోనని వేస్తున్నా. నేనుండేది ఫ్లోరిడా రాజధాని టాలహాసీ. ఇక్కడి ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ బేస్‌బాల్ టీమ్‌కి మైక్ మార్టిన్ అనే పెద్దాయన 1980 నుంచి 2019 దాకా హెడ్ కోచ్. 40 సీజన్లు, ఒకటే కాలేజీ. 2,029 గెలుపులు, 736 ఓటములు, 4 టైలు. ఆయన రిటైరయ్యేనాటికి డివిజన్ 1 (పై స్థాయి) కాలేజీ బేస్‌బాల్‌లో ఆయనకన్నా ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన కోచ్ ఇంకొకరు లేరు. ఆ నలభై ఏళ్ళలో ఏ ఏడూ 40 గెలుపులకు తగ్గలేదు, ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంస్థ) టోర్నమెంట్ ఒక్కసారీ మిస్సవలేదు. నెబ్రాస్కాలోని ఒమాహాలో ఆఖరి ఎనిమిది టీమ్‌లతో జరిగే కాలేజ్ వరల్డ్ సిరీస్‌కి 17 సార్లు వెళ్ళాడు.

టైటిల్ మాత్రం లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు.

మా టీమ్‌లో టెక్సస్ నుంచి వచ్చినతను ఒకడున్నాడు. ఈయన పేరెత్తితే చాలు "చోకర్" అంటాడు. ఈ ఊళ్ళో ఆ మాట అని బతికి బట్టకట్టడం కష్టం. నిన్న ఇద్దరు బాక్సులు మూసుకుని లేచిపోయారు. మీరు చెప్పండి, కప్పు లేకపోతే గొప్ప కోచ్ కాడా?

మిర్చిబజ్జి
పదిహేడు పెళ్ళిచూపులు, ఒక్క పెళ్ళీ కాలేదన్నమాట 😀

పెవిలియన్_ఎండ్
మీ టెక్సస్ ఫ్రెండ్ అన్నదాంట్లో తప్పేముంది? ఆయన మనసులో ఉన్నది ఆగీ గారిడో అనే కోచ్ అయ్యుంటాడు. కాలిఫోర్నియాలోని కాల్ స్టేట్ ఫుల్లర్టన్ కాలేజీతో 1979, 1984, 1995, తర్వాత టెక్సస్‌తో 2002, 2005. మొత్తం ఐదు టైటిళ్ళు, 1,975 గెలుపులు. మార్టిన్ 2018 మేలో క్లెమ్సన్ మీద గెలిచి ఆ 1,975 దాటాడు. 54 మ్యాచ్‌లు ఎక్కువ గెలిచాడు, ఐదు కప్పులు తక్కువ. మీరు ఏ కోచ్‌ని కావాలనుకుంటారు? నేనైతే రెండు నిమిషాలు కూడా ఆలోచించను.

వాసు_టాలహాసీ
@పెవిలియన్_ఎండ్ గారిడో 2018 మార్చిలో పోయారు, తన రికార్డు పోవడానికి రెండు నెలల ముందు. ఆయన గొప్పతనం నేను కాదనడం లేదన్నా. ఒకరు గొప్పయితే రెండోవాళ్ళు కాకూడదని ఎక్కడుంది?

అంకెల_అప్పారావు
ఒక చిన్న లెక్క. ఒమాహాకి వచ్చే ఎనిమిది టీమ్‌లూ సమానమనుకుందాం. అంటే ఒక్కోసారి టైటిల్ కొట్టే అవకాశం ఎనిమిదింట ఒకటి. అలా 17 సార్లు వెళ్ళి ఒక్కసారీ కొట్టకపోవడానికి అవకాశం ఎంత? ఎనిమిదింట ఏడుని పదిహేడుసార్లు హెచ్చవేయండి. దాదాపు 10 శాతం వస్తుంది. పదిమంది కోచ్‌లు ఇలాగే 17 సార్లు వెళ్తే అందులో ఒకరికి ఏ తప్పూ చేయకుండానే ఇదే గతి పడుతుంది. చోకర్ అనే ముందు దీనికి జవాబు చెప్పాలి.

పెవిలియన్_ఎండ్
@అంకెల_అప్పారావు మీ లెక్క నా పక్షానే ఉంది కదండీ. మిగతా తొమ్మిదిమందికి కనీసం ఒక కప్పు వచ్చినట్టే. సగటున రెండు రావాలి. పైగా ఎనిమిదింట ఒకటి అని ఎందుకు పట్టుకోవాలి? చాలా ఏళ్ళు ఆయన టీమ్ అక్కడికొచ్చినవాటిలో పైవరసలో ఉండేది. ఆరింట ఒకటి వేయండి, మీ పది ఎంతవుతుందో చూద్దాం.

అంకెల_అప్పారావు
నాలుగున్నర శాతం. వేశాను. అయినా సున్నా కాదుగా 🙂

మిర్చిబజ్జి
అప్పారావుగారూ, మీరు ఎక్కడా ఓడిపోరు.

కొత్తగా_వచ్చా
నాకు క్రికెట్ తప్ప ఏదీ తెలీదు. ఈ టోర్నమెంట్ ఎలా నడుస్తుందో ఎవరైనా చెప్తారా? ఒక్క నాకౌటేనా? మరి అంతమంది ఎందుకు ఓడిపోతారు?

వాసు_టాలహాసీ
@కొత్తగా_వచ్చా ఫిబ్రవరి మధ్యలో మొదలవుతుంది. మే చివరికి దాదాపు 56 మ్యాచ్‌లు. శుక్ర, శని, ఆదివారాలు ఒకే టీమ్‌తో మూడు మ్యాచ్‌లు, మధ్యలో మంగళవారమో బుధవారమో ఇంకొకటి. శుక్రవారం రాత్రి టీమ్‌లో బెస్ట్ పిచర్ (మన బౌలర్ లాంటివాడు) వేస్తాడు. అందుకే "ఫ్రైడే నైట్ గై" అంటే ఇక్కడ పెద్ద హోదా.

తర్వాత 64 టీమ్‌లతో టోర్నమెంట్ (1999 నుంచి ఈ పద్ధతి). నాలుగేసి టీమ్‌లు 16 ఊళ్ళలో ఆడతాయి, అది రీజనల్, రెండుసార్లు ఓడితే ఇంటికి. అక్కడ గెలిచిన 16 టీమ్‌లలో రెండేసి టీమ్‌లకి మూడు మ్యాచ్‌ల సిరీస్, అది సూపర్ రీజనల్. మిగిలిన ఎనిమిదీ ఒమాహాకి. అక్కడ మళ్ళీ రెండు ఓటముల లెక్క. ఫైనల్ 2003 నుంచి మూడు మ్యాచ్‌ల సిరీస్.

అసలు కిటుకు పిచింగ్‌లో ఉంది. శుక్రవారం వేసినవాడు మళ్ళీ ఆదివారం వేయలేడు, భుజం పోతుంది. ఒక్క మ్యాచ్ ఓడి లూజర్స్ బ్రాకెట్‌లో పడితే ఎక్స్‌ట్రా మ్యాచ్‌లు ఆడాలి, అప్పటికి నాలుగో పిచర్, ఐదో పిచర్ చేతిలో బంతి ఉంటుంది. 50 మ్యాచ్‌లు గెలిచిన టీమ్ కూడా అక్కడే కూలబడుతుంది.

కొత్తగా_వచ్చా
థాంక్స్ అన్నా. అంటే ఐపీఎల్ ప్లేఆఫ్స్‌లో బుమ్రాకి వారానికి ఒక్క మ్యాచే ఇచ్చినట్టు.

లెఫ్టీ_లలిత
వాసు పిచింగ్ సంగతి ఎత్తాడు కాబట్టి చెప్తున్నా. అదృష్టం సగమే, మిగతా సగం ఆయన ఆడించే తీరు. ఫ్లోరిడా స్టేట్ బ్యాటర్లకు ఓపిక ఎక్కువ. చెడ్డ బంతి ముట్టుకోరు. అలాంటివి నాలుగు వేయించుకుని నడుచుకుంటూ ఫస్ట్ బేస్‌కి పోతారు. ఫిబ్రవరి, మార్చిలో మామూలు టీమ్‌ల పిచర్లు దీంతో హైరానా పడిపోతారు. బేస్‌లు నిండుతాయి, ఒక్క హిట్ పడితే ఆట అయిపోతుంది. కానీ ఒమాహాలో ఎదురుగా ఉండేవాళ్ళు స్ట్రైకులు (కొట్టదగ్గ సరైన బంతులు) వేసేవాళ్ళు. వాళ్ళు ఊరికే నడిపించరు. అక్కడ ఎదురెళ్ళి కొట్టేవాడు కావాలి, ఆపి నిలబెట్టే పిచర్ కావాలి.

2019 చూడండి. మొదటి మ్యాచ్‌లో ఆర్కన్సా మీద 1-0 గెలుపు, తర్వాత మిషిగన్ చేతిలో 2-0 ఓటమి, ఆ తర్వాత టెక్సస్ టెక్ చేతిలో 4-1. మూడు మ్యాచ్‌ల్లో రెండు పరుగులు.

అంకెల_అప్పారావు
@లెఫ్టీ_లలిత మూడు మ్యాచ్‌లు పట్టుకుని 40 ఏళ్ళ తీరు మీద తీర్పా అమ్మా?

లెఫ్టీ_లలిత
మూడు కాదు సార్, ఊరికే ఆఖరివి చెప్పాను. 2008 తీసుకోండి. దేశంలోనే బెస్ట్ ప్లేయర్ బస్టర్ పోసీ జట్టులో ఉండగా ఒమాహా వెళ్ళి రెండంటే రెండు మ్యాచ్‌లు ఆడి వచ్చేశారు. మొదటిది స్టాన్‌ఫోర్డ్ చేతిలో 16-5 ఓటమి. పదహారు పరుగులు ఇచ్చాక బ్యాటింగ్ గురించి ఏం మాట్లాడతాం?

పెవిలియన్_ఎండ్
2002 ఎవరూ ఎత్తరేం? దేశంలో నంబర్ వన్ సీడ్. వరసగా 25 గెలిచి ఉన్నారు. సూపర్ రీజనల్ సొంత గ్రౌండ్‌లో. ఎదురుగా నోటర్ డేమ్, ఇండియానా మంచులో ప్రాక్టీస్ చేసే కాలేజీ. ఓడిపోయారు. ఒమాహాకే పోలేదు ఆ ఏడు. అప్పుడు నోటర్ డేమ్ కోచ్ పాల్ మెయినియెరీ, తర్వాత ఎల్‌ఎస్‌యూకి (లూయిజియానా స్టేట్ యూనివర్సిటీ) వెళ్ళి 2009లో కప్పు కొట్టాడు. మెయినియెరీకి వచ్చింది, మార్టిన్‌కి రాలేదు. ఎందుకు రాలేదంటే మళ్ళీ ఎనిమిదింట ఏడు అంటారు.

శాంతి_ఒమాహా
మేము ఒమాహాలోనే ఉంటామండీ, మావారి ఉద్యోగం ఇక్కడ ఇన్సూరెన్స్ కంపెనీలో. ఏటా జూన్‌లో ఊరి రూపమే మారిపోతుంది. పొద్దున పదింటికే పార్కింగ్ లాట్‌లలో గ్రిల్లులు వెలిగిస్తారు. లూయిజియానా వాళ్ళు వచ్చిన ఏడు మాత్రం ఆ మసాలా వాసనకి మన ఇళ్ళు గుర్తొస్తాయి. ఊళ్ళో వాళ్ళకి సొంత టీమ్ ఆడకపోయినా ఫర్వాలేదు, ఎవరో ఒకరిని దత్తత తీసుకుంటారు. 2019లో చాలామంది తీసుకున్నది మార్టిన్‌నే.

ఎందుకంటే ఆ ఏడు ఆయన రిటైరవుతున్నానని ముందే చెప్పేశారు. సీజన్ మధ్యలో టీమ్ బాగా తడబడింది. 64లో చోటు దొరుకుతుందా లేదా అన్న టెన్షన్. చిట్టచివర్లో లిస్టులోకి వచ్చిన టీమ్‌లలో అదొకటి. జార్జియా యూనివర్సిటీ గ్రౌండ్‌కి వెళ్ళి రీజనల్ గెలిచారు. అక్కడి నుంచి బేటన్ రూజ్ వెళ్ళి ఎల్‌ఎస్‌యూని వాళ్ళ ఇంట్లోనే రెండు మ్యాచ్‌లూ ఓడించారు. రెండోది 12 ఇన్నింగ్స్ (మామూలుగా తొమ్మిదే), డ్రూ మెండోజా హిట్‌తో 5-4. డెబ్బై అయిదేళ్ళాయన, ఆఖరి సీజన్, ఆఖరి అవకాశం. మా వీధిలో బేస్‌బాల్ తెలియని వాళ్ళు కూడా ఈసారి ఆయనకి వచ్చేస్తే బాగుండు అన్నారు.

లలిత చెప్పిన ఆ 1-0 మ్యాచ్‌కి మేం వెళ్ళాం. డ్రూ పారిష్ ఎనిమిది ఇన్నింగ్స్ ఒక్క పరుగు ఇవ్వకుండా వేశాడు. నాకు గుర్తున్నది డగౌట్ మెట్ల దగ్గర మార్టిన్. 11 నంబర్ జెర్సీ, చేతులు వెనక జేబుల్లో, ఒక కాలు మెట్టు మీద. తొమ్మిదో ఇన్నింగ్స్ అంతా అలాగే ఉన్నాడు. చివరి అవుట్ పడగానే పరుగెత్తలేదు, టోపీ ఒకసారి సర్దుకున్నాడు, అంతే.

మిర్చిబజ్జి
బేస్‌బాల్‌లో ఇదొక వింత. ఏ ఆటలోనైనా కోచ్ ట్రాక్ సూట్‌లోనో టీషర్టులోనో ఉంటాడు. ఇందులో డెబ్బై అయిదేళ్ళ తాత కూడా ఆటగాళ్ళ యూనిఫామే వేసుకోవాలి. ప్యాంటు, బెల్టు, సాక్సుతో సహా.

వాసు_టాలహాసీ
అందుకే ఆయన్ని ప్లేయర్లు "ఎలెవెన్" అనే పిలిచేవాళ్ళు, జెర్సీ నంబర్‌తో. ఇప్పటికీ ఇక్కడ పాతవాళ్ళు "ఎలెవెన్ ఉన్నప్పుడు" అంటూ మొదలుపెడతారు.

బెంచి_మీద_బాబు
నేను కొంచెం వేరే కోణం చెప్తాను. మా పెద్దాడు డాలస్‌లో పదేళ్ళ వయసు నుంచి ట్రావెల్ బాల్ (ఊళ్ళు తిరిగి ఆడే పిల్లల బేస్‌బాల్ టీమ్‌లు) ఆడాడు. ఇప్పుడు ఒక చిన్న కాలేజీలో పిచర్. మేం స్కాలర్‌షిప్ అంటే మొత్తం ఫీజు అనుకున్నాం. అప్పుడు డివిజన్ 1 రూల్ ఏంటంటే టీమ్ మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లు. వాటిని 27 మందికి మించకుండా పంచాలి. మిగతా పిల్లలు సొంత డబ్బుతో ఆడాలి. ఫుట్‌బాల్‌కి 85 ఉండేవి. మావాడికి వచ్చింది పుస్తకాలకి, కొంత మెస్‌కి సరిపోయింది. ఆ కోచ్ ఫోన్‌లో చెప్పిన మాటలకీ, తర్వాత వచ్చిన కాగితానికీ పొంతనే లేదు, అది వేరే కథ. (2025 నుంచి ఆ రూల్ మారింది. టీమ్‌కి 34 మంది పరిమితి, డబ్బుంటే అందరికీ ఇవ్వొచ్చు.)

ఇంకొకటి డ్రాఫ్ట్, అంటే మేజర్ లీగ్ (ప్రొఫెషనల్ బేస్‌బాల్ టాప్ లీగ్) టీమ్‌లు ఏటా కొత్త ఆటగాళ్ళని ఎంచుకోవడం. హైస్కూల్లో బాగా ఆడినవాడిని మీరు ఏడాదిన్నర వెంటపడి ఒప్పిస్తారు. వాడు సంతకం పెడతాడు. వేసవిలో మేజర్ లీగ్ టీమ్ మిలియన్ డాలర్లిస్తే కాలేజీకి రాడు. వచ్చినవాడు మూడో ఏడాది అవగానే మళ్ళీ డ్రాఫ్ట్‌కి పోతాడు. అంటే ప్రతి మూడేళ్ళకూ కోచ్ చేతిలో కొత్త టీమ్. అలాంటి చోట నలభై ఏళ్ళు ఒక్క ఏడు కూడా 40 గెలుపులకి తగ్గకపోవడం ఎంత కష్టమో పిల్లాడిని ఈ గొట్టంలో పెట్టినవాళ్ళకి తెలుస్తుంది. ఒమాహాలో ఒక్క వారం బాగా ఆడి కప్పు కొట్టిన కోచ్‌లు తర్వాత ఐదేళ్ళు టోర్నమెంట్‌కే రానివి చూశాను. నా దృష్టిలో మార్టిన్ చేసింది దానికన్నా పెద్ద పని.

పెవిలియన్_ఎండ్
@బెంచి_మీద_బాబు మంచి పోస్ట్. కానీ ఫ్లోరిడా కాలేజీలకి ఒక దొడ్డిదారి ఉంది. రాష్ట్ర లాటరీ డబ్బుతో 1997 నుంచి బ్రైట్ ఫ్యూచర్స్ స్కాలర్‌షిప్ ఇస్తున్నారు. మార్కులుంటే ఆ రాష్ట్రపు పిల్లలకి ట్యూషన్‌లో పెద్ద భాగం ప్రభుత్వమే కడుతుంది. అది ఆ 11.7లోకి రాదు. మార్టిన్ తన 11.7ని బయటి పిల్లల మీద ఖర్చుపెట్టుకోవచ్చు. ఒహాయో కోచ్‌కి ఆ వెసులుబాటు ఉందా? పైగా అక్కడ ఫిబ్రవరిలోనే ఎండ.

బెంచి_మీద_బాబు
దొడ్డిదారి అనకండి, రాష్ట్రం అందరి పిల్లలకీ ఇచ్చేదే కదా. అయినా ఆయన 1980లో మొదలుపెట్టాడు. మొదటి పదిహేడేళ్ళు ఆ డబ్బు లేదు. ఒమాహాకి 1980, 86, 87, 89, 91, 92, 94, 95, 96. ఇవన్నీ దానికి ముందే.

అంకెల_అప్పారావు
👏 తొమ్మిది. పదిహేడులో తొమ్మిది.

కరీంనగర్_కుర్రోడు
ఈయన అసలు ఎక్కడి నుంచి వచ్చిండు? ప్లేయరా?

వాసు_టాలహాసీ
@కరీంనగర్_కుర్రోడు పుట్టింది నార్త్ కరోలినా షార్లెట్‌లో, 1944. ఫ్లోరిడా స్టేట్‌కే ఆడాడు. 1965లో ప్లేయర్‌గా ఒమాహా వెళ్ళాడు. మైనర్ లీగ్‌లో (మేజర్ లీగ్‌కి కింది మెట్టు) కొన్నాళ్ళు తిరిగి, అక్కడ పైకి రాక, వెనక్కి టాలహాసీ వచ్చాడు. ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో హెడ్ కోచ్ ఉద్యోగం చేశాడు. ఏ ఆటకో ఊహించండి.

మిర్చిబజ్జి
కబడ్డీ

వాసు_టాలహాసీ
బాస్కెట్‌బాల్! తర్వాత ఫ్లోరిడా స్టేట్‌లో అసిస్టెంట్‌గా చేరాడు. 1979లో అక్కడ హెడ్ కోచ్ డిక్ హౌసర్, మేజర్ లీగ్ టీమ్ న్యూయార్క్ యాంకీస్ మాజీ ఆటగాడు. ఒక్క సీజన్ చేశాడో లేదో యాంకీస్ వాళ్ళు మేనేజర్‌గా (అక్కడ హెడ్ కోచ్‌ని అలాగే అంటారు) పిలిచారు, వెళ్ళిపోయాడు. (1985లో కేన్సస్ సిటీ రాయల్స్‌కి వరల్డ్ సిరీస్, అంటే మేజర్ లీగ్ టైటిల్, గెలిపించింది ఆయనే. రెండేళ్ళకే క్యాన్సర్‌తో పోయాడు.) కుర్చీ ఖాళీ అయింది, పక్కనున్న అసిస్టెంట్‌కి ఇచ్చారు. ఆ అసిస్టెంట్ నలభై ఏళ్ళు లేవలేదు. ఇప్పుడు స్టేడియం పేరు డిక్ హౌసర్ స్టేడియం, లోపల గ్రౌండ్ పేరు మైక్ మార్టిన్ ఫీల్డ్.

కరీంనగర్_కుర్రోడు
మంచిగుంది. ఇన్‌చార్జి పోస్టు ఇస్తే రిటైర్మెంట్ దాకా లాగిండు. మా ఆఫీసుల గూడ ఒగాయన ఉన్నడు గట్లనే.

లెఫ్టీ_లలిత
ఆయన చేతుల మీదుగా వెళ్ళిన పిల్లల పేర్లు కూడా చెప్పాలి కదా, లేకపోతే వాదన సగమే. కాలేజీ బేస్‌బాల్‌లో బెస్ట్ ప్లేయర్‌కి ఇచ్చేది గోల్డెన్ స్పైక్స్ అవార్డు. మైక్ ఫుయెంటెస్ 1981, మైక్ లోయిండ్ 1986, జె.డి. డ్రూ 1997, బస్టర్ పోసీ 2008. నలుగురూ ఈయన టీమ్‌లో ఉండగా తెచ్చుకున్నారు.

జె.డి. డ్రూ 1997లో ఒకే సీజన్‌లో 30కి పైగా హోమ్ రన్‌లు (మన సిక్సర్ లాంటివి), 30కి పైగా స్టీల్స్ (పిచర్ కన్నుగప్పి తర్వాతి బేస్‌కి పరుగెత్తడం) చేశాడు. కాలేజీ ఆటలో అంతకుముందు ఎవరూ చేయనిది. పోసీ కథ నాకు ఇంకా ఇష్టం. వచ్చింది షార్ట్‌స్టాప్‌గా (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్). రెండో ఏడాది కేచర్‌గా (మన వికెట్ కీపర్ లాంటివాడు) మార్చారు. కేచర్ అంటే రోజంతా గొంతుక్కూర్చోవాలి, మోకాళ్ళు అరిగిపోతాయి, ఇష్టంగా ఎవరూ ఒప్పుకోరు. ఆ ఒక్క మార్పు అతని జీవితం తిప్పేసింది. మేజర్ లీగ్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌తో 2010, 2012, 2014 వరల్డ్ సిరీస్‌లు, 2012లో ఎంవీపీ (లీగ్‌లో బెస్ట్ ప్లేయర్ అవార్డు).

మిర్చిబజ్జి
గురువుగారికి సున్నా, శిష్యుడికి మూడు.

వాసు_టాలహాసీ
పోసీ 2008 మేలో సవానా స్టేట్ మీద ఒకే మ్యాచ్‌లో తొమ్మిది పొజిషన్లూ ఆడాడు. పిచింగ్ కూడా చేశాడు. గ్రాండ్ స్లామ్ (మూడు బేస్‌లూ నిండి ఉండగా హోమ్ రన్) కూడా కొట్టాడు. ఇక్కడ ఆ మ్యాచ్ చూశానని చెప్పేవాళ్ళందరినీ కలిపితే స్టేడియం నాలుగుసార్లు నిండుతుంది.

ఇంకొక పేరు డియాన్ శాండర్స్. ఫుట్‌బాల్ కోసం వచ్చి మార్టిన్ దగ్గర బేస్‌బాల్ కూడా ఆడాడు. 1987లో ఒకే రోజు బేస్‌బాల్ మ్యాచ్ ఆడి, ట్రాక్‌కి వెళ్ళి రిలే పరిగెత్తి, మళ్ళీ వచ్చి బేస్‌బాల్ ఆడాడు.

కొత్తగా_వచ్చా
నేను ఒక మీటింగ్ నుంచి ఇంకో మీటింగ్‌కి వెళ్ళలేకపోతున్నా.

పాత_రంజీ_ప్రేమికుడు
మీరంతా కప్పు లేనివాడి గురించి మాట్లాడుతుంటే నాకు చంద్రకాంత్ పండిట్ గుర్తొచ్చాడు. 1999లో మధ్యప్రదేశ్ కెప్టెన్‌గా బెంగళూరు చిన్నస్వామిలో రంజీ ఫైనల్ ఓడిపోయాడు. 2022లో అదే గ్రౌండ్‌లో అదే మధ్యప్రదేశ్‌కి కోచ్‌గా ముంబయిని ఓడించి కప్పు తెచ్చాడు. సరిగ్గా అదే 1999లో మార్టిన్ ఒమాహా ఫైనల్లో మయామీ చేతిలో 6-5తో ఓడాడు. ఒక్క పరుగు. పండిట్‌కి 23 ఏళ్ళ తర్వాత తలుపు తెరుచుకుంది, ఈయనకి తెరుచుకోలేదు. అంతకుముందు 1986 ఫైనల్లో అరిజోనా చేతిలో 10-2 ఓటమి.

పెవిలియన్_ఎండ్
@పాత_రంజీ_ప్రేమికుడు పండిట్ ముంబయికి, విదర్భకి కూడా కోచ్‌గా రంజీలు తెచ్చాడు సార్. ఆయన్ని ఈ లిస్టులో కలపడం అన్యాయం.

పాత_రంజీ_ప్రేమికుడు
కలపలేదు బాబూ. గుర్తొచ్చాడు అన్నాను. మన హైదరాబాద్ ఆఖరిసారి రంజీ గెలిచింది 1986-87లో. ఆంధ్రా ఇంకా గెలవలేదు. మనం ఫ్లోరిడా వాళ్ళని చోకర్లనే ముందు కొంచెం చూసుకోవాలి.

కరీంనగర్_కుర్రోడు
తాత గుండెల మీద కొట్టిండు.

అడ్మిన్
చర్చ బాగుంది. హైదరాబాద్ వర్సెస్ ఆంధ్రా మొదలుపెట్టొద్దు, లాక్ చేసేస్తా.

బెంచి_మీద_బాబు
టైటిళ్ళతోనే కొలవాలంటే రాడ్ డెడో అనే ఆయనని తీసుకోవాలి. లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) కోచ్, 1942 నుంచి 1986 దాకా. 11 టైటిళ్ళు, అందులో 1970 నుంచి 74 దాకా వరసగా ఐదు. సొంత ట్రక్కుల వ్యాపారం ఉండేది, కాలేజీ నుంచి ఏడాదికి ఒక్క డాలరు జీతం తీసుకునేవాడు. ఇక గారిడో కూడా ఎందుకు, అందరూ ఆయన ముందు బలాదూర్.

కానీ ఆ రోజుల్లో టోర్నమెంట్ చిన్నది. బాగా ఆడే కాలేజీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 64 టీమ్‌ల కాలంలో అలా వరసగా ఐదు కొట్టినవాడు లేడు. ఏ కాలంవాడిని ఆ కాలంతోనే చూడాలి.

పెవిలియన్_ఎండ్
అదే కాలంలో ఎల్‌ఎస్‌యూలో స్కిప్ బెర్ట్‌మన్ 1991, 93, 96, 97, 2000లో కొట్టాడు. మార్టిన్ అదే ఒమాహాకి అదే పదేళ్ళలో ఎనిమిదిసార్లు వచ్చాడు. ఇప్పుడు కాలం సాకు కూడా లేదు.

అంకెల_అప్పారావు
బెర్ట్‌మన్ దగ్గర కొట్టేవాళ్ళుండేవాళ్ళు. 97లో ఆ టీమ్ 188 హోమ్ రన్‌లు కొట్టింది. లలిత పోస్ట్‌కి మళ్ళీ వచ్చాం.

లెఫ్టీ_లలిత
చెప్పానా 😌

శాంతి_ఒమాహా
పాత రోజెన్‌బ్లాట్ స్టేడియం 2010 దాకా ఉండేదండీ. మీరు చెప్పిన 1986, 1999 ఫైనళ్ళు అక్కడే. దాన్ని కూల్చేసి ఆ స్థలం పక్కనున్న జూ వాళ్ళకిచ్చేశారు. పిల్లల్ని జూకి తీసుకెళ్ళినప్పుడు చూస్తే పార్కింగ్ దగ్గర చిన్న ఇన్‌ఫీల్డ్, హోమ్ ప్లేట్, ఫౌల్ పోల్స్ గుర్తుగా ఉంచారు. పిల్లలు బేస్‌లు పరిగెత్తుతుంటారు, పక్కన సింహాల అరుపులు.

సైలెంట్_రీడర్
ఇన్నాళ్ళూ చదవడమే, మొదటిసారి రాస్తున్నా. కొడుకు విషయం ఎవరూ మాట్లాడలేదు. మార్టిన్ రిటైరయ్యాక ఆ పోస్టు ఆయన కొడుకు మైక్ మార్టిన్ జూనియర్‌కే ఇచ్చారు కదా? తండ్రి దగ్గరే ఏళ్ళ తరబడి అసిస్టెంట్. 2022లో తీసేశారు. దీన్నేమనాలి?

మిర్చిబజ్జి
వారసత్వం గురించి మాట్లాడే హక్కు తెలుగువాళ్ళకి ఉందంటారా? సినిమాలు, రాజకీయాలు చూశాక కూడా? 😂

వాసు_టాలహాసీ
@సైలెంట్_రీడర్ ఇక్కడ కూడా దాని మీద రెండు వర్గాలు. ఊరికే కొడుకని ఇవ్వలేదు, ఆ టీమ్‌కి కేచర్‌గా ఆడాడు, తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా అసిస్టెంట్. పిల్లల్ని వెతికి తేవడంలో అతని చేయి చాలా ఉందని అందరూ ఒప్పుకుంటారు. కానీ టైమ్ కలిసిరాలేదు. మొదటి సీజన్ 2020, మార్చిలో కోవిడ్‌తో ఆగిపోయింది. మిగిలినవి రెండే. రెండు సీజన్లు చూసి తీసేయడం తొందరపాటే అని నా అభిప్రాయం. 2,029 గెలుపుల పక్కన నిలబెట్టి కొలిస్తే ఎవరు నిలుస్తారు?

పెవిలియన్_ఎండ్
వేరే ఇంటిపేరు ఉన్నవాడికైతే ఆ ఉద్యోగమే వచ్చేది కాదు. అది కూడా చెప్పు.

వాసు_టాలహాసీ
వచ్చింది కదన్నా. ఆ తర్వాత వచ్చిన లింక్ జారెట్ కూడా మార్టిన్ దగ్గర షార్ట్‌స్టాప్‌గా ఆడినవాడే. నోటర్ డేమ్‌ని 2022లో ఒమాహాకి తీసుకెళ్ళి, ఇక్కడికొచ్చాడు. మొదటి ఏడు 2023లో 23 గెలుపులు, 31 ఓటములు. నలభై ఏళ్ళు 40కి తగ్గని చోట 23! ఊళ్ళో వాళ్ళ మొహాలు చూడాలి అప్పుడు.

కరీంనగర్_కుర్రోడు
ఇప్పుడర్థమైతది 40 విలువ.

వాసు_టాలహాసీ
కరెక్ట్. మార్టిన్ 2024 ఫిబ్రవరి 1న పోయారు, 79 ఏళ్ళు, లూయీ బాడీ డిమెన్షియాతో బాధపడి. సీజన్ మొదలవడానికి రెండు వారాల ముందు. ఆ ఏడు జారెట్ టీమ్ ఒమాహా వెళ్ళింది. టెనెసీ మీద మొదటి మ్యాచ్ 12-11, ఆఖరి ఇన్నింగ్స్‌లో చేజారింది. మళ్ళీ టెనెసీ చేతిలోనే ఇంటికి. కప్పు కూడా ఆ టెనెసీకే.

అంకెల_అప్పారావు
కాలేజీ మొత్తంగా 24 సార్లు ఒమాహా, ఇప్పటికీ సున్నా. కోచ్‌లు మారారు, ఫలితం మారలేదు. ఇప్పుడు చెప్పండి, దోషం మార్టిన్‌దా?

లెఫ్టీ_లలిత
ఆ 24లో 17 ఆయనవేగా సార్! మూడింట రెండొంతులు పైనే.

అంకెల_అప్పారావు
మిగతా ఏడు మాత్రం ఎవరు కొట్టారు?

వాసు_టాలహాసీ
ఇక్కడి మ్యాచ్ ఒకటి మీరంతా చూడాలి. సెక్షన్ బిలో కూర్చునే ఒక గుంపుంది, తమని తాము "యానిమల్స్" అంటారు. ఎదుటి పిచర్‌ని పేరు పెట్టి ఏడిపిస్తారు. ఐదో ఇన్నింగ్స్ వచ్చేసరికి లేచి నిలబడి కెనడా జాతీయ గీతం పాడతారు, ఏళ్ళ తరబడి ఆనవాయితీ. ఫ్లోరిడాలో కెనడా గీతం ఏంటని మొదటిసారి నేను బిత్తరపోయాను. పక్క సీట్లో ముసలావిడ నా చేతిలో సాహిత్యం ఉన్న కాగితం పెట్టి, నువ్వూ పాడాలి అంది. మార్చి నెలలో మంగళవారం రాత్రి, చిన్న కాలేజీతో మ్యాచ్, అయినా ఆవిడ స్కోరు బుక్కులో ప్రతి బంతీ పెన్సిల్‌తో రాసుకుంటోంది. మార్టిన్ మొదటి ఏడాది నుంచీ వస్తున్నానంది. టైటిల్ లేదని బాధ లేదా అని అడిగా. నన్ను ఎగాదిగా చూసి, "బాధ లేకుండా ఎలా ఉంటుంది?" అంది. మళ్ళీ పెన్సిల్ తీసుకుంది.

పెవిలియన్_ఎండ్
ఆవిడే నిజాయితీగా మాట్లాడింది ఈ మొత్తం థ్రెడ్‌లో. గొప్పవాడే, కాదని నేనూ అనను. కానీ ఆ సున్నాని లెక్కలతో చెరిపేయకండి. అక్కడ ఉంది, ఉంటుంది.

అంకెల_అప్పారావు
చెరపలేదు, దాని సైజు కొలిచాను. పది శాతం.

పెవిలియన్_ఎండ్
నాలుగున్నర.

కొత్తగా_వచ్చా
వీళ్ళిద్దరూ రేపటిదాకా ఆగరు. శాంతి గారూ, వచ్చే జూన్‌లో చికాగో నుంచి కారులో రావాలనుకుంటున్నాం, ఇద్దరు పిల్లలతో. టికెట్లు దొరుకుతాయా? రేట్లు భయంగా ఉన్నాయి.

శాంతి_ఒమాహా
ఇన్‌ఫీల్డ్ సీట్ల జోలికి వెళ్ళకండి. అవుట్‌ఫీల్డ్ జనరల్ అడ్మిషన్ తీసుకోండి, సీటు నంబరు ఉండదు, ముందొచ్చినవాళ్ళది ముందు వరస. మొదటి మూడు నాలుగు రోజులు రండి, రోజుకి రెండు మ్యాచ్‌లు, ఎనిమిది టీమ్‌లూ కనిపిస్తాయి. ఫైనల్ వారంలో హోటళ్ళు దొరకవు. అవుట్‌ఫీల్డ్‌లో మధ్యాహ్నం నీడ ఉండదు, పిల్లలకి టోపీలు తప్పనిసరి. జూన్‌లో ఇక్కడ ఉన్నట్టుండి ఉరుములతో వాన, మ్యాచ్ రెండు గంటలు ఆగిపోతుంది, అందుకని రెయిన్‌కోట్లు కూడా. వచ్చే ముందు ఇక్కడే మెసేజ్ పెట్టండి, పులిహోర కట్టిస్తా. పార్కింగ్ లాట్‌లో లూయిజియానా వాళ్ళకి కూడా రుచి చూపిద్దాం.

మిర్చిబజ్జి
పులిహోర అన్నారు కాబట్టి నేనూ వస్తున్నా. బేస్‌బాల్ తర్వాత చూసుకుందాం.